తరగతి గదిలో ఊపిరి
(మలేసియాలోని బటాంగ్ బెర్జుంటైలో ఒక తోట బడి మాస్టారి స్మారకార్థం ఇచ్చిన ఉపన్యాసం, అచ్చు ప్రతి)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటు చేశారో ఆ మాస్టారి పేరు ఆహ్వానపత్రంలో లేదు. నేనూ చెప్పను. తన పేరు రాతి మీదా కాగితం మీదా ఎక్కించవద్దని ఆయన ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లారు. రబ్బరు తోటలో పుట్టి, తోట బడిలో చదివి, తోట పిల్లలకే పాఠాలు చెప్పిన మనిషి. ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లు ఇవాళ ఈ నిధి పోగుచేశారు. నన్ను పిలిచినప్పుడు వాళ్లు ఉపన్యాసం దేని మీద అని అడగలేదు. సూటిగా ఒక ప్రశ్న వేశారు: "మన బడిలో గదులన్నింటికీ ఏసీలు పెట్టిద్దామనుకుంటున్నాం. మీరు గాలి మీద పనిచేసేవారు కదా, ఏమంటారు?"

ఈ గంటసేపు నేను చెప్పేదంతా దానికి జవాబే. అసలు మాట ముందే చెప్పేస్తాను. ఏసీ కంటే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అవి చేయకుండా ఏసీ పెడితే పిల్లలకు చల్లదనం దక్కుతుంది, కానీ ఒకరు వదిలిన ఊపిరి మరొకరు పీల్చడం ఎక్కువవుతుంది.

ముందు మన ఊరి సంగతి. 2007లో ఈ ఊరికి బెస్తారి జయ అని పేరు మార్చారు. అయినా మన ఇళ్లలో ఇది బటాంగ్ బెర్జుంటైయే. ఒకపక్క సెలంగోర్ నది, తగరం తవ్వి వదిలేసిన నీటి గుంటలు, చుట్టూ పామాయిల్ తోటలు, ఆ పైన రాజా మూసా అడవి. ఎటు చూసినా తడి నేలే. మన తాతలు వచ్చేనాటికి ఇక్కడ ఎక్కువగా రబ్బరే ఉండేది. బడి ఈడు పిల్లలు పదిమంది ఉంటే తోట యజమాని బడి పెట్టి తీరాలని 1923 నాటి కార్మిక చట్టం చెప్పింది. అది ఎలాంటి గదిలో ఉండాలన్నది పట్టించుకున్న దొరలు తక్కువ. కూలీ లైన్ల చివర ఒక కొట్టం, అందులో ఒక నల్లబల్ల, అన్ని తరగతులకూ ఒకే మాస్టారు. చాలా తోటల్లో బడి అంటే అదే. ఆ కొట్టాన్ని నేను పొగడబోవడం లేదు. వాన జల్లు లోపలికి కొట్టేది, పలకలు తడిసేవి, పాకలో పాములు దూరేవి. అయితే సగం గోడ మాత్రమే ఉన్న ఆ కొట్టంలో గాలి ఒకవైపు వచ్చి మరోవైపు పోయేది. మనం మంచి భవనాలు కట్టుకున్నాక ఆ ఒక్క సుగుణాన్నీ పోగొట్టుకునే దారిలో ఉన్నాం. నా బాధ అదే.

గాలికీ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని లోకం ఎలా అర్థం చేసుకుందో ముందు చెబుతాను. చిత్తడి నేలల నుంచి లేచే చెడు గాలి వల్లే జ్వరాలు వస్తాయని లోకమంతా నమ్మిన కాలం ఒకటుంది. రాత్రిళ్లు తలుపులూ కిటికీలూ బిగించుకుని పడుకునేవారు. ఆ నమ్మకం కూలిపోయింది మన తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1901లో, ఇక్కడికి దగ్గరే ఉన్న క్లాంగ్‌లో మాల్కం వాట్సన్ అనే వైద్యుడు ఆ సంగతిని పట్టుకుని బురద నేలల్లో నీరు నిలవకుండా కాలువలు తీయించి మలేరియాను అణిచాడు. తర్వాత తోటల్లోనూ అదే పని చేయించాడు. అలా బతికినవాళ్లలో మన ముందుతరాలవాళ్లూ ఉన్నారు.

ఆ గెలుపు వెంటే ఒక పొరపాటూ వచ్చింది. మలేరియా విషయంలో నిర్దోషిగా తేలిన గాలిని వైద్యులు అన్ని రోగాల విషయంలోనూ వదిలేశారు. గాలి ద్వారా జబ్బులు సోకడం చాలా అరుదని 1910లో అమెరికా ఆరోగ్యాధికారి చార్లెస్ చాపిన్ పుస్తకమే రాశాడు. చేతులు కడుక్కోండి, దగ్గేవాళ్లకు దూరంగా ఉండండి అన్న మాటలు మిగిలాయి, గది గాలి సంగతి మరుగున పడింది. ఆ మరుపు ఎంత కాలం సాగిందో మనమంతా 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కళ్లారా చూశాం. గాలి ద్వారా వ్యాపించే క్రిములను ఏ మాటలతో వివరించాలన్న దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరినీ ఒక తాటి మీదికి తెచ్చే పత్రం 2024 ఏప్రిల్‌లో గానీ వెలువరించలేదు.

నిజానికి జవాబు చాలా ముందే దొరికింది, అదీ బడుల్లోనే. అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్ 1934లో ఒక సంగతి చెప్పాడు. దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు నోటి నుంచి వచ్చే పెద్ద తుంపర్లు నేల మీద పడిపోతాయి. చిన్నవి పడేలోపే ఎండిపోయి, క్రిమిని మోసుకుంటూ అగరుబత్తి పొగలాగా గది అంతా తేలుతుంటాయి. ఆయనా, ఆయన భార్య మిల్‌డ్రెడ్ వెల్స్ కలిసి ఫిలడెల్ఫియా ప్రాంతపు బడుల్లో కొన్ని తరగతి గదుల పైభాగంలో అతినీలలోహిత దీపాలు పెట్టారు. పిల్లల కళ్లకు తగలకుండా, పైకి లేచిన గాలి మీద మాత్రమే ఆ కాంతి పడే ఏర్పాటు. 1941లో తట్టు వచ్చింది. దీపాలు లేని గదుల్లో, అప్పటిదాకా తట్టు రాని పిల్లల్లో సగం మందికి పైగా జబ్బుపడ్డారు. దీపాలున్న గదుల్లో ఏడెనిమిది మందిలో ఒకరికి మాత్రమే వచ్చింది.

ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రపు పల్లె బడుల్లో అదే ప్రయోగం చేస్తే అంత ఫలితం రాలేదు. ఆ పిల్లలు ఒకే బస్సులో కిక్కిరిసి వచ్చిపోయేవారు. గదిలో ఆగిన జబ్బు బస్సులో అంటుకుంది. దీన్ని నేను వెల్స్ ఓటమి అనుకోను. పిల్లవాడు రోజంతా ఏయే గాలి పీలుస్తాడో లెక్క వేయకుండా ఒక్క గదిని బాగుచేసి ఊరుకుంటే చాలదని అది చెప్పింది. మన ఊళ్లో కూడా వ్యాన్లలో కిటికీలు బిగించి ఇరవైమంది పిల్లలను కుక్కి తెస్తున్నారు. ఆ వ్యాన్లను కూడా లెక్కలో వేసుకోండి.

గాలి గది దాటి కూడా జబ్బును మోస్తుంది. 1974లో అమెరికాలోని రోచెస్టర్ నగర శివారు బడిలో ఒక రెండో తరగతి పాపకు తట్టు వచ్చింది. ఆమె నుంచి 28 మందికి సోకింది, వాళ్లు 14 తరగతి గదులకు చెందినవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ఆమెతో ఒకే గదిలో ఎప్పుడూ కూర్చోలేదు. భవనమంతటికీ ఉన్న గాలి గొట్టాలు ఆమె గది గాలిని లాగి, కొద్దిగా బయటి గాలి కలిపి, మళ్లీ అన్ని గదులకూ పంచాయి. పిల్లల్లో చాలామందికి టీకా వేసే ఉంది. మొన్నటి కోవిడ్ కాలంలో మన హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆస్పత్రి గదుల గాలి నుంచే వైరస్‌ను పట్టి చూపించారు. రోగులు ఎక్కువమంది ఉన్న గదిలో అది దొరికే అవకాశమూ ఎక్కువే.

ఇక మన గది లెక్కకు వద్దాం. తొమ్మిది మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. అంటే సుమారు 200 ఘనపు మీటర్ల గాలి. 35 మంది పదేళ్ల పిల్లలు. ఒక్కొక్కరు గంటకు దాదాపు 14 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు, మొత్తం 500 లీటర్లు. బయటి గాలిలో పది లక్షల వంతుల్లో అది 420 వంతులు ఉంటుంది. కిటికీలు, తలుపు బిగిస్తే పావుగంటలోపే గదిలో 1,000 దాటుతుంది. ఆ 1,000 అన్న గీత కొత్తది కాదు, 1858లో మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త గీసింది. ఆ వాయువు అంత కొద్ది మోతాదులో మనిషిని చంపుతుందని కాదు. అది ఇతరుల ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన గాలి ఎంత ఉందో చూపే ఆనవాలు. మనం వదిలే ఊపిరిలో అది పది లక్షలకు 38,000 వంతుల దాకా ఉంటుంది. గదిలో 2,000 ఉందంటే పిల్లవాడు పీల్చే ప్రతి పాతిక ఊపిరుల్లో ఒకటి పక్కవాళ్లు వదిలినదే. ఆ పక్కవాళ్లలో ఎవరికైనా క్షయ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మలేసియాలో ఇప్పటికీ ఏటా 20 వేలకు పైగా కొత్త క్షయ కేసులు నమోదవుతున్నాయి.

మనిషికి సెకనుకు 10 లీటర్ల బయటి గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన గదికి లెక్కగడితే గంటకు ఆరుసార్లు గాలి మొత్తం మారాలి. రెండువైపులా అద్దపు పలకల కిటికీలు తెరిచి ఉంటే, కాస్త గాలి వీస్తే, అది ఖర్చు లేకుండా జరిగిపోతుంది. పైకప్పు ఫ్యాను ఈ పని చేయదు. అది ఉన్న గాలినే తిప్పుతుంది. గోడకు తగిలించే ఏసీ కూడా అంతే. చాలామందికి తెలియని సంగతి ఇది. గోడ బయట పెట్టిన పెట్టె బయటి గాలిని లోపలికి తోస్తుందనుకుంటారు. అది లోపలి వేడిని బయటికి పంపుతుంది, అంతే. గదిలో గాలి గదిలోనే తిరుగుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుందని మాస్టార్లు కిటికీలు బిగించేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుందని నన్ను తరచు అడుగుతారు. మా పని ఎలా సాగుతుందో కొంచెం దగ్గరగా చెబుతాను. అరచేతిలో ఇమిడే గాజు పళ్లెంలో పోషకాలు కలిపిన అగర్ అనే జెల్లీ పోస్తాం. దాని మీద 400 సన్నని రంధ్రాలున్న మూత. కింద పంపు నిమిషానికి 28.3 లీటర్ల గాలిని ఆ రంధ్రాల గుండా లాగుతుంది. తేలుతున్న క్రిమి వచ్చి అగర్ మీద తగిలి అంటుకుంటుంది. పిల్లలు కూర్చున్న ఎత్తులో ఐదు నిమిషాలు నడుపుతాం. పళ్లేన్ని వెచ్చటి పెట్టెలో ఉంచితే రెండు రోజుల్లో బాక్టీరియా చుక్కలు తేలతాయి. పసుపు రంగు మెరుపు చుక్కలు మైక్రోకాకస్, తెల్లగా ఉబ్బినవి చాలావరకు స్టెఫిలోకాకస్. రెండూ మన చర్మం మీద నుంచి రాలినవే. బూజుల పళ్లెం ఐదు రోజులు ఆగాలి. ఆకుపచ్చ ముఖమల్‌లా పెనిసిలియం, కాటుక పొడి చల్లినట్టు నల్ల ఆస్పర్‌జిల్లస్, ముదురు ఆలివ్ రంగులో క్లాడోస్పోరియం వస్తాయి. ఒక చుక్కకు ఘనపు మీటరుకు సుమారు ఏడు చొప్పున లెక్క.

ఈ పళ్లెం ఏం చెప్పలేదో కూడా వినండి. తట్టు, ఫ్లూ, కోవిడ్ వైరస్‌లు దాని మీద పెరగవు. క్షయ క్రిమికి వారాలు కావాలి, వేరే అగర్ కావాలి. పళ్లెం నిండా చుక్కలున్న గది జబ్బుల గది కాకపోవచ్చు, శుభ్రంగా ఉన్న పళ్లెం గది సురక్షితమని చెప్పనూ లేదు. మనిషి గదిలో ఉంటే చాలు, గంటకు 3 కోట్ల 70 లక్షల బాక్టీరియా గాలిలో చేరతాయని యేల్ విశ్వవిద్యాలయం వారు 2012లో ఒక తరగతి గదిలో కొలిచి చెప్పారు. అందులో ఎక్కువ భాగం నేల మీది దుమ్ము మన అడుగులకు లేచినదే. భయపడాల్సిన సంఖ్య కాదది. మనుషులున్న చోట ఉండేవే అవి. మలేసియా వృత్తి భద్రతా శాఖ 2010 నియమావళిలో బాక్టీరియాకు 500, బూజులకు 1,000 అని ఘనపు మీటరుకు హద్దులు పెట్టింది. అవి దాటితే ఎందుకు దాటాయో వెతకమని దాని ఉద్దేశం. పైగా అది ఏసీ లేదా యంత్రాలతో గాలి ఆడే పనిచోట్లకు రాసినది. కిటికీ గాలి మీద నడిచే బడికి నేరుగా వర్తించదు. మన పిల్లలు కూర్చునే గదులకు తగిన కొలమానాన్ని ఈ దేశం ఇంకా రాయాల్సి ఉంది. పి.ఐ.బి.జి. (తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సంఘం) సమావేశాల్లో తల్లిదండ్రులు ఈ మాట అడగాలి.

నన్నడిగితే మన దగ్గర వైరస్ తర్వాత ఎక్కువ పట్టించుకోవాల్సింది బూజును. ఈ ఊరి గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే. పైగా బయటి తోటలే బూజు విత్తనాల గనులు. పామాయిల్ చెట్టు మొదలును కుళ్లబెట్టే గానోడెర్మా కుక్కగొడుగు తన విత్తనాలను గాలిలోకే వదులుతుంది, అదీ రాత్రిళ్లు ఎక్కువగా. ఆ బయటి బూజును మనం ఆపలేం, ఆపనక్కర్లేదు కూడా. గోడలో పెరిగేదాన్ని ఆపాలి. జోహోర్ బారులో 8 హైస్కూళ్లు, 32 తరగతి గదుల దుమ్మును పరిశీలించి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. కిటికీలు తెరిచి ఉండే గదులే అవి, గాలి బాగానే ఆడేది. అయినా దుమ్ములో బూజుల డీఎన్ఏ దొరికింది, కొన్ని రకాల బూజుకూ పిల్లల ఆయాసానికీ సంబంధం కనబడింది. కాబట్టి కిటికీ ఒక్కటే అన్నింటికీ మందు కాదు.

ఈ ప్రాంతంలో ఒక బడి గది గోడను ఈమధ్య దగ్గరగా చూశాను. వెనక గోడ పైమూలన పెద్ద నల్లమచ్చ. ఏటా గోతొంగ్ రోయోంగ్ (అందరూ కలిసి పనిచేసే) రోజున తల్లిదండ్రులు వచ్చి దాని మీద సున్నం వేసి వెళ్తున్నారు, రెండు నెలల్లో మళ్లీ వస్తోంది. బయటికి వెళ్లి చూస్తే చూరు కింది వాన నీటి తొట్టి తుప్పుపట్టి, సరిగ్గా ఆ మూల దగ్గరే కారుతోంది. ఇటుక తడుస్తోంది, లోపల సున్నం కింద బూజు బతుకుతోంది. ఆ మచ్చకు మందు సున్నం కాదు, తొట్టి. అలాంటి గోడకు ఎదురుగా ఏసీ పెట్టి పగలు గదిని చల్లబరిచి, సాయంత్రం ఆపేసి, శని ఆదివారాలు బిగించి ఉంచితే చల్లబడిన గోడ మీద తేమ చేరి బూజుకు ఇంకా అనువవుతుంది.

ఇప్పుడు జెరెబు, అంటే కమ్ముకునే పొగ సంగతి. మీలో చాలామంది నోట మొదట వచ్చే ప్రశ్న ఇదేనని నాకు తెలుసు: పొగ కమ్మినప్పుడు కిటికీ తెరవమంటారా? మన జిల్లాకు ఇది పుస్తకాల ప్రశ్న కాదు. 2005 ఆగస్టు 11న కాలుష్య సూచీ 500 దాటి కువాలా సెలంగోర్ జిల్లాలోనూ, పోర్ట్ క్లాంగ్‌లోనూ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పొగంతా సుమత్రా నుంచే వస్తుందని అనుకోకండి. రాజా మూసా అడవి కింద ఉన్నది గంబుట్ నేల, వేల ఏళ్లుగా కుళ్లని ఆకూ కొమ్మా పేరుకున్న నేల. కాలువలు తవ్వి నీరు తీసేస్తే అది ఎండి, నిప్పు పడితే భూమి లోపల నెమ్మదిగా రోజుల తరబడి రగులుతుంది. 2008 నుంచి సెలంగోర్ అటవీ శాఖ, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్, ఊరివాళ్లు కలిసి అక్కడ కాలువలకు అడ్డుకట్టలు వేసి నేలను మళ్లీ తడుపుతున్నారు, మొక్కలు నాటుతున్నారు. మన తరగతి గది గాలికి అంతకంటే పెద్ద సేవ మరొకటి లేదు. సెలవు రోజుల్లో మన పిల్లలను అక్కడికి మొక్కలు నాటడానికి తీసుకెళ్లాలని నా మనవి.

సూచీ 200 దాటితే బడి మూస్తారు. చిక్కు 100కూ 200కూ మధ్య రోజుల్లోనే. అద్దపు పలకల కిటికీ మూసినా పలకల సందుల్లోంచి పొగ వస్తూనే ఉంటుంది. మూయడం వల్ల పొగ కొద్దిగానే తగ్గుతుంది, ఉక్కపోత, ఊపిరి మాత్రం చాలావరకు లోపలే ఉండిపోతాయి. అలాంటి రోజుల కోసం ఒక చవక పరికరం ఉంది. 2020లో అమెరికాలో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ ప్రచారంలోకి తెచ్చినది. నాలుగు వైపులా దళసరి గాలి ఫిల్టర్లు నిలబెట్టి, అంచులకు టేపు చుట్టి, గాలిని పైకి వదిలేలా పైన ఫ్యాను అమర్చిన డబ్బా. ఫిల్టర్లు మేలురకానివైతే పొగ రేణువులనూ, తేలే క్రిములనూ రెండింటినీ పడుతుంది. ఆరో తరగతి పిల్లలు మాస్టారు పక్కనుంటే ఒక పూటలో కట్టేయగలరు. అది కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు, కాబట్టి మీటరు అంకె పెద్దగా ఉన్నా గాలి కొంత శుభ్రపడిందని అప్పుడు గుర్తుపెట్టుకోవాలి.

వేడి సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మధ్యాహ్నం రేకుల కింద చెమటతో తడిసిన పిల్లవాడికి లెక్కలు ఎక్కవు. చల్లదనం కావాలి. రేకు కింద వేడిని ఆపే పొర, పడమటి కిటికీ మీద చూరు పొడిగింపు, ఇంకో రెండు ఫ్యాన్లు వేస్తే చాలా గదులు కూర్చోగలిగేలా అవుతాయి. అప్పటికీ చాలని గది ఉంటే ఏసీ పెట్టండి, దానితోపాటు బయటి గాలిని లోపలికి తోసే ఫ్యాను ఒకటి గోడకు పెట్టించకుండా మాత్రం వద్దు.

నిధి సంఘం వారు ఈ ఏడాది డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగారు కనుక నా వరస ఇది. మొదట వాన నీటి తొట్లు, కారే పైకప్పులు, అక్టోబరు వానలు ముదిరేలోపు. తర్వాత తుప్పుపట్టి కదలని కిటికీ పిడులు బాగుచేయించి, కిటికీలకు అడ్డంగా పెట్టిన బీరువాలు జరిపించి, అద్దాలకు అంటించిన చార్టులు గోడకు మార్పించండి. ఇది దాదాపు ఖర్చులేని పని, ఫలితం ఆ రోజే కనిపిస్తుంది. ఆ తర్వాత రెండు మూడు కార్బన్ డయాక్సైడ్ మీటర్లు కొని గది గదికీ తిప్పండి. వచ్చే జూన్‌లో పొగ కాలం మొదలయ్యేలోపు గదికొక ఫిల్టరు డబ్బా తయారుచేయించండి. మిగిలిన డబ్బుంటే అప్పుడు ఏసీ మాట. మీటరు అంకెను రోజూ పొద్దున, విరామం ముందు, బడి వదిలే ముందు పిల్లలే ఒక పుస్తకంలో రాయాలి. పక్కన ఆ రోజు కాలుష్య సూచీ, కిటికీలు తెరిచి ఉన్నాయా లేదా, ఎంతమంది దగ్గుతో రాలేదు అన్నదీ రాయాలి. ఆ పుస్తకం ఒక ఏడాది నిండాక నాకు ఒక నకలు పంపండి. ఏ గదికి ఏసీ పెట్టాలో, ఏ గదికి అక్కర్లేదో అప్పుడు గదుల వారీగా రాసి ఇస్తాను.